అత్తయ్య దగ్గితే ఆపాలి

అలెగ్జాండ్రియాలో ఒక ఇల్లు. వంటింటి పక్క గదిలో రెండు వీడియో యంత్రాలు. భర్త గలాల్, భార్య సుహైర్, గలాల్ తల్లి హాజా నఫీసా.

"పిల్లాడేడీ సుహైర్?"

"అయ్యో, ఏమైందండీ? ఇదిగో, నా ఒళ్ళోనే ఉన్నాడుగా! మళ్ళీ ఒళ్ళు వెచ్చబడిందా ఏంటి, ఒకసారి పట్టుకుని చూడండి..."

"మన బాసిం కాదు తల్లీ, సినిమాలో పిల్లాడు! 'మల్లెల వీధి'లో పిల్లాడు! కువైట్‌లో మన క్యాసెట్లు కొనే అబూ మిషారీ ఫోన్ చేశాడు. మొదట్లో గుమ్మంలో బొంగరం తిప్పుకుంటుంటాడట. సగానికొచ్చేసరికి మాయం. ఆ తర్వాత అమ్మా నాన్నా ఊరికే ఏడుస్తూ కూర్చుంటారట. 'ఎందుకేడుస్తున్నారని మా ఆవిడ నన్నడుగుతోంది, నేను నిన్నడుగుతున్నా' అన్నాడు."

"ముందు కూర్చోరా గలాల్. టీ చల్లారిపోతోంది."

"టీ సంగతి తర్వాతమ్మా. మన కంపెనీ, ఫనార్ వీడియో అంటే అక్కడ ఎంత పేరు! డబ్బా మీద మన పచ్చ చీటీ ఉంటే చాలు, తాతా మనవరాలూ పక్కపక్కన కూర్చుని చూసేస్తారు. ఎవరూ తల దించుకోనక్కర్లేదు. ఆ పేరు ఊరికే వచ్చిందా?"

"ఊరికే ఎందుకొస్తుంది? నా వల్ల వచ్చింది."

"కాదన్నానా అమ్మా? అసలు ఎక్కడ మొదలయ్యాం మనం? అన్నయ్య పెళ్ళి క్యాసెట్‌తో."

"అందులో మీ అన్నయ్య కంటే బ్యాండువాడి డోలు ఎక్కువ కనపడింది."

"నువ్వాగు సుహైర్. అప్పుడింకా నేర్చుకుంటున్నా. తర్వాత నాటకం, 'దర్జీ గారి మూడు పెళ్ళిళ్ళు'. అదీ మన అసలైన మొదటి విడుదల. ఆ తర్వాత 'దీవిలో అత్తగారు'..."

"దానికి అత్తయ్య ఒక్కసారి కూడా దగ్గలేదు."

"ఎందుకు దగ్గుతానే? ఎంత చక్కటి సినిమా! ఆ కోడల్ని ఎలా ఆడించిందో ఆవిడ!"

"అదే నేనడిగేది! దగ్గు సంగతే. మన పద్ధతేంటి? ఒక యంత్రంలో సినిమా ఆడుతుంది, రెండోదాంట్లో కాపీ అవుతుంది. ముద్దు గానీ మందు గానీ వస్తే అమ్మ దగ్గుతుంది. నువ్వు టక్కున కాపీ ఆపి..."

"తల దించుకుంటాను. అత్తయ్య ముందు అవన్నీ ఎలా చూస్తానండీ?"

"అమ్మ బిస్మిల్లా అనగానే మళ్ళీ మొదలుపెడతావు."

"అంతేగా. ఎప్పుడూ అంతేగా."

"మరి 'మల్లెల వీధి'లో ముద్దెక్కడిది? నేను చూళ్ళేదు గానీ, అది తెలుపూ నలుపూ కాలం నాటిది! ఆ రోజుల్లో హీరోకీ హీరోయిన్‌కీ మధ్య ఎప్పుడూ ఓ బల్ల ఉండేది! అసలు టేపు చూద్దామంటే కైరో వాళ్ళకి తిరిగిచ్చేశాను. అమ్మా, నీకు అప్పుడు జలుబు చేసింది కదూ?"

"టీ తాగరా."

"చేసిందా లేదా?"

"సముద్రం గాలి కదరా, వస్తుంటుంది, పోతుంటుంది."

"అదీ సంగతి! అత్తగారు జలుబుకి దగ్గింది, కోడలు సినిమా కోసేసింది! సగం సినిమా అమ్మాం జనానికి!"

"అత్తయ్యని ఏమీ అనకండి. తప్పు నాదే. నేను... నిద్రపోయాను."

"నిద్రా?"

"అప్పుడు బాసింకి జ్వరం కదండీ. రాత్రుళ్ళు వాడి నుదుటి మీద చెయ్యి తియ్యాలంటే భయం. పగలు యంత్రం ముందు కూర్చోగానే కళ్ళు మూతలు పడిపోయేవి. కాపీ ఆగిపోయుంటుంది, నేను చూసుకోలేదు."

"ఎంత పని చేశావే! సరే. రేపు రెండు యంత్రాలూ దుకాణానికి పోతాయి. అక్కడ పనిచేసే షవ్కీ చేస్తాడు ఇది. వాడికి పిల్లలూ లేరు, జ్వరాలూ లేవు."

"వద్దండీ! నన్ను తిట్టండి, యంత్రాలు మాత్రం తీసుకెళ్ళకండి."

"వాటి మీద అంత ప్రేమేంటి?"

"బడి సగంలో మానిపించారు నన్ను. చదువుకున్నవాళ్ళ మధ్య నోరు తెరవాలంటే భయం. ఇది ఒక్కటే నాకు చేతనయింది. ఎక్కడో కువైట్‌లో ఎవరో క్యాసెట్ పెట్టుకుని నవ్వుతుంటారు కదా, దాని మీట నొక్కింది నేనే కదా అనుకుంటాను. మీకు నవ్వులాటగా ఉందేమో..."

"నవ్వట్లేదు సుహైర్. కానీ అబూ మిషారీ వదిలేస్తే కంపెనీకి తాళమే. ఇప్పుడే షవ్కీకి కబురు పెడతా."

"ఎవరికీ కబురు పెట్టక్కర్లేదు. యంత్రాలు ఎక్కడికీ పోవు."

"అమ్మా, నువ్వు మధ్యలో..."

"పిల్ల నిద్రపోలేదురా. నన్ను కాయడానికి అబద్ధమాడుతోంది. నేను దగ్గిన ప్రతిసారీ ఠక్కున ఆపింది."

"అయితే నీ జలుబే!"

"జలుబూ లేదు, గిలుబూ లేదు."

"మరి ముద్దులా?"

"ముద్దుల్లేవు. ఆ సినిమా నా పెళ్ళికి ముందు మా అక్కతో కలిసి చూశాను. ఇద్దరం ఏడుస్తూ ఇంటికొచ్చాం."

"చూశావా! మరి ఇంతసేపూ చెప్పవేం? ఏమయ్యాడు ఆ పిల్లాడు?"

"సుహైర్, బాసింని తీసుకుని నువ్వు లోపలికెళ్ళమ్మా."

"ఎందుకత్తయ్యా?"

"వాడికి పాలవేళయింది."

"ఇప్పుడే తాగాడు. నేను వెళ్ళను. మీరు దగ్గినప్పుడల్లా తల దించుకునే కూర్చున్నాను, ఇప్పుడైనా చెప్పండి. ఆ పిల్లాడేమయ్యాడు?"

"వాడికీ జ్వరమే వచ్చిందే పిచ్చిదానా. నీ ఒళ్ళో వీడు కాలిపోతుంటే, ఆ తల్లి ఒళ్ళో వాడు చల్లబడిపోవడం నిన్నెలా చూడనిస్తాను?"