తలుపు మూస్తే మాట అందదు

మోంటానా కొండల్లో సాయంత్రం నాలుగు గంటలు, మంచు పడుతోంది. వాకీటాకీకి ఒక కొసన, వేటగాళ్ల రేకుల గది గడపలో, డెబ్బై రెండేళ్ల ఆరిన్ హౌగెన్. రెండో కొసన, రెండు మైళ్ల ఎగువన, నిన్ననే జీవితంలో మొదటి ఎల్క్ దుప్పిని కొట్టిన అతని అల్లుడు మెరిట్.

"...అక్టోబరు ఇరవై నాలుగు, ఎనభై ఒకటో సంవత్సరం. ఆ పొద్దున తిన్నది కూడా గుర్తుంది. బంగాళాదుంప రొట్టెలు, వెన్న, పైన పంచదార. మీ అత్తయ్య మార్లిస్ నన్ను లేపకుండా ఈ తలుపే కాస్త పైకెత్తి చప్పుడు కాకుండా తెరిచి వెళ్లి, బయట పొయ్యి రాజేసి..."

"మామయ్యా! నేనిక్కడ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నిలబడితే, రొట్టెల కథ చెబుతారా?"

"నీ పళ్లు టకటకలాడటం ఇక్కడికి వినిపిస్తోంది. అవి ఆగేదాకా చెబుతా. ఆగాయా?"

"ఆగలేదు. చలికి."

"చలికేలే. జీన్స్ వేసుకున్నావా?"

"ఊలు ప్యాంటు దురద పెడుతోందని..."

"దురదతో చచ్చినవాడు లేడు నాయనా. తడిసిన జీన్స్‌తో చచ్చినవాణ్ని ఈ భుజం మీదే మోశాను. సరే, ఇంకోసారి చెప్పు. ఏం కనిపిస్తోంది?"

"నిన్న ఎల్క్‌ను కోసిన చోటు. నాకు నూట యాభై అడుగుల దూరంలో ఉంటుంది. పేగులు వదిలేసిన చోట పేగుల్లేవు. మట్టికుప్ప ఉంది. మట్టి, గడ్డి, కొమ్మలు, అన్నీ గోకి పోసినట్టు. సమాధిలా ఉంది."

"గ్రిజ్లీ ఎలుగు. తిన్నంత తిని, మిగిలింది అలా కప్పెట్టుకుంటుంది. కప్పెట్టిన చోటును అంత తేలిగ్గా వదలదు. కదలకు."

"కదలట్లేదు. కదలట్లేదు మామయ్యా."

"రెండో మోతకని వదిలొచ్చిన మాంసం, అదెక్కడ పెట్టావు?"

"చెట్టుకు కట్టాను."

"ఏ చెట్టుకి?"

"దగ్గర్లోనే."

"ఏ చెట్టుకి, అల్లుడూ?"

"పేగుల పక్కనున్న చెట్టుకే. చీకటి పడిపోయింది, చేతులు కొంకర్లు పోయాయి, ఎవరు మోస్తారులే అని..."

"పేగులకు దూరంగా, బయల్లో, అల్లంత దూరం నుంచి కనిపించేలా పెట్టమని చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదా. తిరిగొచ్చినప్పుడు ముందు దూరం నుంచి చూసుకోవడానికే కదా అది. గుర్తుకు రిబ్బన్ కట్టమన్నాను."

"రిబ్బన్ కట్టాను!"

"మహానుభావుడివి. ఎలుగు తోవ తప్పకుండా కట్టావు."

"తిట్టండి, తర్వాత తిట్టండి. ఇప్పుడేం చెయ్యను?"

"ఎలుగు మొహాన కొట్టే మిరపఘాటు డబ్బాలు ఎక్కడున్నాయి?"

"రెండూ నా దగ్గరే. మీదీ, నాదీ."

"నీ దగ్గరంటే?"

"వీపు సంచిలో."

"సంచిలో ఎక్కడ?"

"అడుగున. బిస్కెట్ల కింద."

"అయ్యో రామ... ఎలుగు మీదికొస్తుంటే దానికో బిస్కెట్ ఇచ్చి కూర్చోబెడతావా? మెల్లిగా దించు. కుప్ప మీంచి కళ్లు తీయకు. ఒక డబ్బా ఛాతీ పట్టీకి తగిలించు, ఒకటి చేతిలో పట్టుకో. అయిందా?"

"జిప్పు రావట్లేదు. వేళ్లు... వచ్చింది. అయింది."

"శభాష్. ఎనభై ఒకటిలో నేనూ నీలాగే చెట్టుకు కట్టి, పొద్దున్నే చంకలు గుద్దుకుంటూ పోయాను. మార్లిస్ నా కాలర్ పట్టుకుని ఆపింది, అందుకే ఇవాళ నీకు మామనయ్యాను. ఆవిడ పాఠం ఒకటే. ఆగు, చూడు, అరువు, ఆ తర్వాతే అడుగెయ్యి. ఆగావు, చూశావు. ఇప్పుడు అరువు."

"అరిస్తే లేచి రాదూ?"

"అరవకపోతే ఉలిక్కిపడుతుంది. ఉలిక్కిపడ్డ ఎలుగే మీదికొస్తుంది. మనిషినని తెలిసేలా, తొందరపడకుండా, వెనక్కి అడుగులేస్తూ అరువు. ఆ తర్వాత నిన్నటి దారినే దిగి వచ్చెయ్."

"ఓయ్! ఎలుగూ! నేను మెరిట్‌ని! మాంసం నువ్వే ఉంచుకో! నేను వెళ్లిపోతున్నా!"

"మర్యాదస్తుడివే. ఆహా, అలాగే... "

"మామయ్యా?"

"..."

"మామయ్యా! వినిపిస్తోందా? మామయ్యా!"

"ఉన్నా."

"ఏమైంది? మాట ఆగిపోయింది. గొంతేంటి అలా?"

"బొంగురుపోయింది. గడపలో చలిగాలి."

"లోపలికెళ్లి తలుపేసుకోండి మరి."

"రేకుల గది కదా. తలుపు మూస్తే నీ మాట అందదు. విను. ఇకనుంచి మీట నొక్కి అరవకు. కొండకు అరువు, నాతో చిన్నగా మాట్లాడు. నాకు బాగానే వినిపిస్తోంది."

"అలాగే. దిగుతున్నా, నిన్నటి దారినే."

"వద్దు."

"వద్దా?"

"ఆ దారి వద్దు. కుడివైపు రెండు కొండల మధ్యనున్న మెడ దాటి అవతలికి దిగు. వేటగాళ్లను గుర్రాల మీద తిప్పే వెర్లిన్ గుడారాలు అక్కడే. ముప్పావు మైలు."

"ఇందాక ఇటే రమ్మన్నారు!"

"ఇప్పుడు వద్దంటున్నా."

"ఎలుగు ఆ మెడ దగ్గరే ఉంటే?"

"అక్కడ లేదు."

"మీకెలా తెలుసు?"

"తెలుసు. ఒకటే ఎలుగని రాసివ్వలేను కాబట్టి అరుస్తూనే నడు."

"నన్ను అరవమని మీరేమో గుసగుసలాడతారు."

"నేను నడవట్లేదుగా. నడు నాయనా, వెలుతురు పోతోంది."

"నడుస్తున్నా. ఓయ్! ఓయ్... మామయ్యా, మెడ మీదున్నా. మంచు కమ్మేసింది. ఏమీ కనిపించట్లేదు. కింద రెండు లోయలున్నాయి. ఏది? ఏది మామయ్యా? నేను వెనక్కి వచ్చేస్తా, నా వల్ల కాదు, నాకు తెలిసిన దారినే..."

"రావద్దు! నిలబడు. ఊపిరి పీల్చుకో. గాలి ఏ చెంపకు తగులుతోంది?"

"ఎడమ."

"ఎడమ చెంపకే తగలనిస్తూ దిగు. ముక్కుకు కొట్టిందంటే తప్పు లోయలో పడ్డట్టు, వెనక్కెక్కు. కాసేపట్లో కాలిపోయిన పైన్ చెట్టు వస్తుంది, రెండు తలలది. అది రాగానే చెప్పు."

"మీరు వెళ్లిపోరు కదా?"

"ఎక్కడికి పోతాను? ఇక్కడే కూర్చున్నా. కదలట్లేదు."

"ఏదో విరిగిన చప్పుడైంది. మీ వైపే."

"పొయ్యిలో కట్టె."

"కట్టె అలా నమిలినట్టు..."

"చెట్టు వచ్చిందా?"

"ఇంకా లేదు... వచ్చింది! రెండు తలలు! వచ్చింది మామయ్యా!"

"పిల్లాడిలా ఏడవకు. ఇంగ్రిడ్‌కు చెబుతా."

"ఏడుస్తున్నా, చెప్పుకోండి మీ కూతురికి. పొగ వాసన వస్తోంది. గుర్రం సకిలించింది. మామయ్యా, దీపం! వెర్లిన్ బయటికొచ్చాడు, చెయ్యి ఊపుతున్నాడు!"

"హమ్మయ్య. పక్కన మనిషి ఉన్నాడు కదా?"

"ఉన్నాడు. కాఫీ గ్లాసు చేతిలో పెట్టాడు."

"వండిందేమిటి?"

"చిక్కుడు గింజలు, పంది మాంసం. ఎందుకు?"

"కడుపునిండా తిను. ముందు ఆ జీన్స్ విప్పు. రాత్రికి అక్కడే పడుకో. తెల్లారాక వెర్లిన్‌తో, అతని మనుషులతో కలిసి రా. గుర్రాల మీద, గోల చేస్తూ రండి. ఒక్కడివే రాకు. మాటివ్వు."

"ఇచ్చాను. కానీ గోల ఎందుకు? ఎలుగు పైన కదా ఉంది?"

"నిన్న నువ్వు మోసుకొచ్చిన తొడను ఈ చూరుకే కట్టాం కదా. నీకన్ని పాఠాలు చెప్పినవాణ్ని, నాకూ ఒళ్లు బరువై, పోనీలే అన్నాను. ఆ మాంసం నెత్తుటి జాడ పట్టుకుని ఎలుగు దిగొచ్చింది. నువ్వు దానికి వీడ్కోలు చెబుతున్నప్పటి నుంచీ ఇక్కడే తింటోంది. నాకూ దానికీ మధ్య రెండు మెట్లు."

"మామయ్యా! ఇంతసేపూ తలుపు... తలుపేసుకోకుండా..."

"మూస్తే నీ మాట అందదన్నానుగా. అది తల అటు తిప్పింది, ఇక మూసేస్తా. భయపడకు, మీ అత్తయ్య నేర్పిందే... కాస్త పైకెత్తి వేస్తే ఈ తలుపు కీచుమనదు."