గంజు ఊడ్చేది ఎవరు

హలో… ఆ, నేనే, భద్రమ్మను. కేతేపల్లి పోస్టాఫీసుల ఉన్న… నకిరేకల్ నుంచి ఫోనొచ్చిందంటె మంద కాడికెల్లి ఉరికొచ్చిన, కాళ్లు గూడ కడుక్కోలే. చెప్పు.

ఎట్లున్ననా? ఐదు నెలలకు యాదికొచ్చిందా అడగనీకె? కట్టుకున్న పెండ్లాం తమ్ముని ఇంట్ల పడి ఉంటె ఒక్కనాడు తొంగి చూడకపోతివి… అవును, మిల్లు పని. ఆముదాలు ఆడించేటోనికి తీరికెక్కడిది.

అసలు ముచ్చట చెప్పు. మూడు నిమిషాలే ఇస్తరంట.

… ఏంది? ఎలక్షన్ల నిలబడ్డవా?… సర్పంచికి. మంచిదే, నిలబడు. నాకెందుకు చెప్తున్నవ్?

ఆ… రోజుకు ముప్పై మంది తింటున్నరా… ఆ… వండేటోళ్లు లేరా. గందుకా ఫోను. గిప్పుడు సమజైంది.

రాను.

… రానంటె రాను. ఆపరేషన్ అయ్యేదాంక రాను. అయినంక గూడ ఎప్పటి లెక్కనే ఉంటదని అనుకోకు.

తగ్గిన. ఎవరు చెప్పిన్రు, లారీ ఐలేశమా? నిజమే చెప్పిండు. మొన్న నల్లగొండ దవాఖానల కాంటా ఎక్కితె పద్దెనిమిది కిలోలు దిగిన… తగ్గినవ్ గద, ఇగ రా — అంతేనా? తగ్గుడంటె పండుగ అనుకుంటివా, ఒకనాడు చేసి ఇడవనీకె?

… నువ్వు మర్చిపోయినవేమో, నేను మర్వలే. రెండేండ్ల కింద గూడ తగ్గిన. సోమారం ఒక్కపొద్దు, శనివారం ఒక్కపొద్దు, శ్రావణమంత ఒంటిపూట. డాక్టరమ్మ బొడ్డు కాడ జారిన పేగును లోపటికి నూకి కుట్టింది. నువ్వేం జేసినవ్? ఇంటికి తోల్కపోయి యాటను కోసినవ్. పెండ్లాం బక్కగైతె ఊర్ల ఇజ్జత్ పోతదన్నవ్. ఏడాది తిరిగేసరికి పోయిన బరువు పోయినట్టే మల్లొచ్చింది, ఇంకింత ఎక్కువే వచ్చింది. ఒకనాడు గట్టిగ దగ్గిన, కుట్లు పుటుక్కుమన్నయ్.

నవ్వకు… నవ్వినవ్, ఇనబడ్డది. గప్పుడు గూడ నవ్వినవ్. మిల్లుల బస్తాలు తూచే కాంటా మీద నన్ను నిలబెట్టి, హమాలోళ్లందరి ముంగట, ఆముదాల బస్తా కంటె బరువున్నదన్నవ్. సైదులు తల దించుకున్నడు. బస్తాలు మోసేటోనికి సిగ్గొచ్చింది, నీకు రాలే.

డాక్టరమ్మ ఏమన్నదో ఇను. బరువు దిగితెనే ఇంకొక్కసారి కుడ్త, మూడోసారి కుట్టనీకె బట్ట ఉండదు అన్నది. పేగు మెలిపడితె దవాఖానకు తెచ్చేలోపల్నే పోతవన్నది. నలభై రెండేండ్లు నాకు. నాకు సావాలని లేదు.

… నీకెరికనా. ఏమెరిక నీకు.

తినకుంటె అయిపాయె అంటున్నవా… నేను గంజులు ఊడ్చుడు, వండిన గిన్నెల అడుగు గీకి తినుడు ఎన్నడన్న చూసినవా? నువ్వు తిని చెయ్యి కడుక్కొని పోతవ్. పిలగాండ్లు తింటరు, హమాలోళ్లు తింటరు, వచ్చినోళ్లు పోయినోళ్లు తింటరు. అందరైనంక నేను కూసుంట. అన్నం గంజుల ఇంత, పప్పు గంజుల ఇంత, కూర గంజుల అడుగున నూనె. పారేస్తె లచ్చిమి పోతదని మీ అమ్మ పక్కనే పీట ఏసుకొని కూసుంటది, గంజు తెల్లగైందాంక లేవది. ఒక్కపొద్దు ఇడిసిన తెల్లారి రెండు దినాల మిగులు నా ముంగటనే.

… తమాషా ఏందంటె, డాక్టరమ్మ ఏం తింటవమ్మా అని అడిగితె, ఏం తిననమ్మా, వారానికి రెండొక్కపొద్దులు ఉంట అని చెప్పిన. అబద్ధం చెప్పలే. మిగిలింది తినుడు గూడ తిండి కిందికే వస్తదని నాకే తెల్వదు.

… ఈడనా? ఈడ తమ్ముడు బీరన్న గొర్ల మందెంబడి తిరుగుత. పొద్దుగాల ఇంత అంబలి తాగి పోతె పొద్దు గూకినంక వస్త. మాపటికి ఒక జొన్నరొట్టె. ఒక్కటే. మరదలు రామమ్మ నా రొట్టె నాకు ఏరే తీసి పెడ్తది. మొదటి వారం వాగు దాటలేక కూలబడ్డ, గొర్లు నా దిక్కు చూసుకుంట పక్కనుంచి పోయినయ్. తొడలు ఒరుసుకొని నెత్తురొస్తె ఆముదం రాసుకొని తెల్లారి మల్ల పోయిన… సులువుగ ఏం లేదు. ఆకలైతది. రొట్టెల గంప దిక్కు చూసుకుంటనే పండుకుంట, ఇయ్యాల్టికి గూడ. అయినా పోతున్న. రేపు గూడ పోత.

… ఏమన్నవ్? మల్ల అను.

ఐతారం లోపల రాకుంటె ఇంకొకదాన్ని తెచ్చుకుంటవా. తెచ్చుకో. దానికి గూడ ఆ గంజులే చూపియ్యి. రెండేండ్లల్ల దాన్ని చూసి నవ్వుకోవచ్చు.

ఎవరు ఆడ దగ్గుతున్నరు?… అత్తనా? అత్తకు మిల్లుల ఏం పని?… ఇయ్యి. ఫోను అత్తకియ్యి. నాతోని కొట్లాడనీకె తోల్కొచ్చినవ్ గద, కొట్లాడనియ్యి.

అత్తా, దండం… అది గాదు, రెండో కొస చెవికి పెట్టుకో… ఆ, గిప్పుడు ఇనబడ్తాంది.

… ఏడుస్తున్నవెందుకు?… ఆ… కాళ్లా?… ఎన్ని దినాల సంది?… పీట మీదికెల్లి లేవరాదా. ఇద్దరు పట్టి లేపుతున్నరా.

అత్తా, ఒకటడుగుత. నేను వచ్చినకాడి నుంచి గంజులు ఎవరు ఊడుస్తున్నరు?

…

నువ్వా.

… ముప్పై మంది మిగులు, నువ్వొక్కదానివి. అరవై దాటిన మనిషివి.

… నాకు కోపమే ఉన్నది అత్తా, లేదనను. ఐదు నెలల సంది నిన్ను తిట్టుకుంటనే నడిచిన… ఊకో. ఏడ్వకు. మీ అత్త నీకు జెప్పింది, నువ్వు నాకు జెప్పినవ్. లచ్చిమి యాడికీ పోదు. పోతె నీ కాళ్లు పోతయ్, నా పానం పోతది.

ఫోను నీ కొడుక్కియ్యి.

… ఇన్నవా? మీ అమ్మ కాళ్ల దిక్కు ఒక్కనాడన్న చూసినవా? పట్టి లేపుతున్నరంట. నీకు ఓట్లేసేటోళ్ల మిగులు తిని తిని ఒళ్లొచ్చి లేవరాకుంటైంది ఆమెకు.

ఆ, పోస్టుమాస్టర్ సారూ, మూడు నిమిషాలైనయా?… ఇంకో మూడు ఇయ్యమని చెప్పు, పైసలు ఆయనయే.

… బండి పంపుతవా నన్ను తోల్కపోనీకె? పంపు. రేపే పంపు. దాంట్ల అత్తను కూసోబెట్టి పంపు… నేనెక్కను. అత్తనే పంపుమంటున్న. ఈడ నాతోని ఉంటది. మందెంబడి రాలేకుంటె దొడ్డి చుట్టు తిరుగుతది, ఇయ్యాల ఒక సుట్టు, రేపు రెండు. ఆమె రొట్టె గూడ రామమ్మ ఏరే పెడ్తది.

… ఎన్ని దినాలంటె? దినాలు లేవు. నాకూ లేవు, అత్తకూ లేవు. గిది ఒక్కపొద్దు గాదు, ఇడవనీకె. ఆపరేషన్ అయినంక గూడ గింతే తింట, గింతే నడుస్త, పానం ఉన్నన్ని దినాలు. నీ ఇంటికొచ్చినా గింతే. నా పళ్లెం ముందుగాల పెట్టుకొని తిని లేస్త, గంజుల మొకం చూడ.

… వంటకా? వంటోన్ని పెట్టుకో. కొలిచి వండుమను… మిగిలితెనా?

మిగిలితె నువ్వే కూసో గంజు ముంగట… అవును, నువ్వే. పిలిచినోనివి నువ్వు, పెట్టినోనివి నువ్వు. ఓట్లు అయిపోయేదాంక కూసోని ఊడ్వు, గప్పుడు తెలుస్తది —

హలో… హలో…

పెట్టేసిండు సారూ. ఇగో, నీ ఫోను.

… పంపుతడా అంటవా? ఏమో, తెల్వదు. ఎల్లుండి దాంక చూస్త. పంపకుంటె నేనే నడిచిపోయి అత్తను తోల్కొస్త.