వెర్నా వదిన సన్నం చేసిన ములుకులు

ఏదీ, ఇటు చూపించు ఆ బొమ్మల పుస్తకం. నా కళ్ళద్దాలు రొట్టెల డబ్బా మీద ఉంటాయి చూడు, అవీ అందుకో. ఆఁ... అబ్బో, బాణం ములుకుల్లో ఇన్ని రకాలా! మూడు రెక్కలది, నాలుగు రెక్కలది, ఇదేమిటే జోడీ తల్లీ, తగిలాక గొడుగులా విచ్చుకుంటుందా? నువ్వు పోయేది ఎల్క్ దుప్పి వేటకా, వానలో షికారుకా? నవ్వకు. నీ విల్లు మరీ బిరుసుది కాదు, మొన్న లాగి చూశాగా, ఈ వయసులో నాకే సగం దాకా వచ్చింది. తేలిక విల్లుకి ఏ ములికి కొనాలి తాతా అని నన్నడిగితే ఏం లాభం? మా వెర్నా వదిన్ని అడగాలి. ఆవిడ పోయేనాటికి మీ నాన్నకి ఇంకా నిక్కర్లే. మా అన్నయ్య ఐనార్ భార్య. నాకు పెళ్ళి కాకముందు కలప మిల్లులో పనిచేస్తూ వాళ్ళింటి వెనక గదిలోనే ఉండేవాణ్ణి. వదిన వంట సంగతి అడక్కు, ఆవిడ ఉడకబెడితే బంగాళాదుంపలు కూడా మొహం ముడుచుకునేవి. మనిషి మాత్రం వెన్న.

మా అన్నయ్య చేసే ములుకులంటే ఈ లోయంతా పేరు. మిల్లులో అరిగి పారేసిన రంపం పట్టీలు తెచ్చి, కోసి, ఆకురాయితో రుద్ది చేసేవాడు. వెడల్పు అంటే మన ఆస్పెన్ చెట్టు ఆకంత. "వెడల్పుగా కోస్తే వెతుకులాట తక్కువరా లైల్" అనేవాడు నాతో. నిజమే, వాడికి నిజమే! వాడి విల్లు వాడు తప్ప ఇంకోడు వంచలేడు. ఒకసారి పాస్టరుగారు సరదాపడి లాగబోయి, ఆ ఆదివారం ప్రసంగమంతా మెడ ఒక పక్కకి పెట్టే చెప్పారు. అలాంటి విల్లుకి ఎంత వెడల్పు ములికైనా దూసుకుపోతుంది. ఎక్కడున్నాను? ఆఁ, అన్నయ్య చేతులు. అంతటివాడికి చేతుల వణుకు మొదలైంది. ముందు కాఫీ ఒలికింది, తర్వాత గుండీలు పెట్టుకోలేకపోయాడు, ఆఖరికి ఆకురాయి కూడా జారిపోయింది. చేతులు ఆడినన్నాళ్ళు చేసిన ఆఖరి ములుకులు కాఫీ డబ్బాలో పోసి వదిన చేతికిచ్చాడు. "ఈ ఏడు నువ్వెళ్ళు వెర్నా" అన్నాడు. వదిన చిన్నప్పట్నుంచీ సంతలో పందేలకి బాణం వేసేది, గురి దారం గీసినట్టుండేది. విల్లు మాత్రం తేలిక. నేనన్నాను, ఎందుకన్నయ్యా, మంచు పడ్డాక తుపాకీతో నేనొకదాన్ని కొట్టుకొస్తాగా అని. "మాంసం కోసం కాదురా వెధవా, నా ములికి అడవిలోకి పోవాలి" అన్నాడు. ఇంకేమంటాం?

సరే, వెళ్ళాం. నేను వెనక పొదలో కూచుని ఆడ ఎల్క్ గొంతు పెట్టి పిలిచాను. ఓ పోతు ఎల్క్, చెట్టు నడిచొచ్చినట్టు వచ్చింది. వదిన బాణం వదిలింది. ఎక్కడ తగలాలో సరిగ్గా అక్కడే తగిలింది, నా కళ్ళతో చూశాను. దేవదారు పలక మీద సుత్తి పడ్డట్టు టక్కుమంది, అది పరుగు తీసింది. అదేమిటంటే, ఆ వెడల్పు ములికి పక్కటెముకకి అడ్డం పడి ఆగిపోయింది. తోసుకుపోయే బలం ఆ విల్లుకి లేదు. మర్నాడు కూడా వెతికాం. రక్తం చుక్కలు పల్చబడి, పల్చబడి, నాచులో కలిసిపోయాయి. విరిగిన బాణం మాత్రం దొరికింది. ములికి మీద వేలి కణుపంత మేర నెత్తురు, అంతే. వదిన దాన్ని పట్టుకుని అలా నిలబడిపోయింది. అది ఎక్కడ పడి ఎన్నాళ్ళు తీసుకు తీసుకు చస్తుందో అనే ఆవిడ బాధంతా. ఇంటికొచ్చాక అన్నయ్య "ఏమైంది?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు వదిన "గురి తప్పాను" అంది. నావైపు ఒక్క చూపు చూసింది, నేను నోరు మూసుకున్నాను.

ఇంక చూసుకో, ఆ చలికాలమంతా వదిన మోచేతికి తిట్లే తిట్లు. అన్నయ్య దుప్పటి కప్పుకుని వరండాలో కుర్చీ వేయించుకునేవాడు. వదిన గడ్డిమోపు మీద బాణాలు వేస్తుంటే, "మోచెయ్యి దించకు! మేకుకి కోటు తగిలించినట్టు ఆ నిలబడ్డమేమిటి?" అని కేకలు. ఆవిడ బాణాలన్నీ ఒకదాన్నొకటి రాసుకుంటూ దిగుతున్నాయి, అయినా తిట్లే. నాకు ఒళ్ళు మండి, వదినా, చెప్పెయ్యరాదూ అన్నాను. "ఉండనీ లైల్. నన్ను తిడుతున్నంతసేపు ఆయన చేతులు చూసుకోవడం లేదు" అంది. ఏం చెప్తావు ఆవిడకి? ఎండలు ముదిరాక హాల్వర్సన్ కొట్టుకెళ్ళింది, నేనూ ఉన్నాను. ఆ హాల్వర్సన్ నోరు మంచిది కాదు. "ఏం వెర్నా, ఆ విల్లుతో వేస్తే ఎల్క్ వెనక్కి తిరిగి, ఎవరమ్మా పిలిచారు అని అడిగిందటగా?" అన్నాడు. అందరూ నవ్వారు, వదినా నవ్వింది. కానీ వాడి దగ్గర కొత్తరకం ములుకులు ఉన్నాయి. పొడుగ్గా, సన్నగా, బరువుగా, రెండే రెక్కలు, ఒక్కో రెక్కకి ఒక పక్కే పదును. వదిన అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ అక్కడే పెట్టేసింది. కొన్న ములికి ఇంట్లోకి తెస్తే అన్నయ్య ఏమైపోతాడు? అన్నయ్యవి పట్టుకుపోతే ఇంకో ఎల్క్ అలా ఏ పొదలో పడుంటుంది? చూశావా చిక్కు!

దాంతో ఆవిడేం చేసింది, అన్నయ్య ములుకుల్నే కట్టెల కొట్టంలో కూచుని ఆ కొట్లోవాటిలా సన్నగా, ఒక పక్కే పదును వచ్చేలా రుద్దడం మొదలెట్టింది. రంపం ఇనుము మీద ఆకురాయి చప్పుడు అన్నయ్య నిద్రలో కూడా పోల్చుకుంటాడు కదా, అందుకని మిల్లు తిరిగేటప్పుడే రుద్దేది. ఆ రోదలో మన దగ్గు మనకే వినపడదు. బాగానే సాగింది. ఒకరోజు మిల్లులో పెద్ద బెల్టు తెగింది. నేను అక్కడే ఉన్నాను. మిల్లు ఆగింది, లోయంతా చప్పబడింది, వదిన చెయ్యి మాత్రం ఇంకా ఆడుతూనే ఉంది. గర్రు గర్రుమని, వీధిలోకి వినిపిస్తోంది! నేను పరుగెత్తుకొచ్చేసరికి అన్నయ్య కర్ర పట్టుకుని కొట్టం గుమ్మంలో ఉన్నాడు. వదిన ఒళ్ళో వాడి ములికి, సగం వెడల్పు పొడై కింద రాలి ఉంది. నేననుకున్నాను, అయిపోయింది, ఈ ఇంట్లో ఇంక మాటల్లేవు అని.

అన్నయ్య ఆ పొడి కేసి చూశాడు. "అయితే నువ్వు గురి తప్పలేదన్నమాట" అన్నాడు. "ఎంత దిగింది?" వదిన వేలు చాపి, బొటనవేలితో కణుపు చూపించింది. మొద్దు మీద కూలబడ్డాడు. "మరి చలికాలమంతా ఆ తిట్లెందుకు పడ్డావే పిచ్చిదానా?" వదిన అంది, "నీ గొంతు బాగుంటుందని." నిజం, అలాగే అంది! వాడికి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. చెయ్యి చాపి ములికి తీసుకున్నాడు, వణుకుతూనే వెలుతురుకి పెట్టి చూశాడు. చూసి ఏమన్నాడో తెలుసా? "పాడు చేస్తే చేశావు, సరిగ్గానైనా పాడు చెయ్యి. ఒక పక్కే పదునుంటే ములికి తిరుగుతూ దిగుతుంది, నువ్వేమో నీ చేతివాటం కొద్దీ రుద్దుకుపోయావు. మన బాణాలకి కట్టేవి బాతు ఎడమ రెక్క ఈకలు. ఈక అటు తిప్పుతుంటే ములికి ఇటు తిప్పిందంటే, రెండూ పోట్లాడుకుని ఎముక దగ్గరే చతికిలబడతాయి. రెండోవైపు రుద్దు." ఇది మాత్రం గుర్తుపెట్టుకో జోడీ, నీ ఈకలు ఎటువో చూసుకుని కొనుక్కో. ఆ రోజు నుంచి వదిన రుద్దడం, వాడు కళ్ళు మూసుకుని వినడం. "గట్టిగా... ఊఁ, ఇప్పుడు తేలిగ్గా... చాలు." చెయ్యి పోయినా చెవి పోలేదు కదా. పదును చూడ్డానికి తన ముంజేతి వెంట్రుకలే గీయమనేవాడు. ఆ చెయ్యి కదిలిపోతుంటే వదిన తన మోకాళ్ళ మధ్య బిగించి పట్టుకుని, పసిపిల్లాడికి గోళ్ళు తీసినట్టు గీసేది.

ఆ సెప్టెంబరులో నేను పిలవను కూడా లేదు. పొద్దున్నే మంచు పట్టిన గడ్డి మేస్తోంది, వయసులో ఉన్న పోతు. వదిన వేసింది. చప్పుడే లేదు. బాణం అవతలి పక్క నేలలో నిలబడింది, ఎల్క్ ఒక్కసారి తల ఎత్తి, నాలుగడుగులు నడిచి, అలిసిపోయినట్టు పడుకుంది. మేం దగ్గరికి పోయేసరికి అయిపోయింది. ఇంటికొచ్చి ఆ బాణం అన్నయ్య ఒళ్ళో పెట్టింది వదిన, ములికి నుంచి ఈకల దాకా ఎరుపు. ఊరంతా వినేలా కేక పెడతాడనుకున్నాను నేను. "బాధపడిందా?" అన్నాడు. "లేదు ఐనార్. పీకిన గడ్డి నోట్లోనే ఉంది" అంది వదిన. తల ఊపాడు. "మరి పోయినేటిదో?" అన్నాడు.

వదిన వాడి ముందు నేల మీద కూచుని, ఆ రెండు చేతులూ పట్టుకుంది. అవి వణుకుతుంటే ఈవిడ చేతులు కూడా...

ఆఁ. అదిగో, కుక్క గుమ్మం గీరుతోంది. లే, దాన్ని లోపలికి రానీ.