చిన్నాయన జేబులో ఓటీపీ

…ఇంతకన్నా తేలిక ఇంకేముంటుంది, నంబరు కొట్టి ఓటీపీ వేయడమే కదా, అనుకుంటూ షాలిని ఆస్పత్రి వెబ్‌సైటుకు తను తయారుచేసిన లాగిన్ పేజీని పిన్నమ్మ ముందు పెట్టింది.

"ఓటీపీ వచ్చిందా?"

"ఈడికెట్ల వస్తాది? ఇంట్లో ఉండే ఒక్క ఫోనూ మీ చిన్నాయన జేబులో ఉండాది, తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో."

"అయ్యో, ముందే చెప్పకూడదా! ఇదో నా ఫోన్, ఆయన్ని అడుగు."

"ఎందుకంటాడు. రొమ్ములో గడ్డుందని చెప్పేదా? పొద్దుగూకేలోగా మా అత్తకీ ఆడబిడ్డకీ తెలిసిపోతాది."

"సరి, నా నంబరే వేస్తా పో."

"వెయ్యి తల్లీ. నీ మాదిరి కూతురు లేనోళ్లు గడ్డ పెట్టుకొని కూర్చోవాల్నా?"

"అన్నిటికీ నన్నే అను!"

విసుక్కుంటూనే షాలిని లాప్‌టాప్ తనవైపు తిప్పుకుంది. 'ఫోన్ నంబరు తప్పనిసరి' అన్నది చెరిపి, 'పేరు, పాస్‌వర్డ్ చాలు' అని రాసింది.