వంపులను లెక్కలో వేసిన ఇంజనీరు గారు

పంతొమ్మిది వందల తొంభై మూడు, జూన్ ఏడో తేదీన ఇంజనీరు గారు మన పైపుల, పంపుల సంస్థలో చేరారు. ఆనాడు ఆయన చేతిలో ఉన్న పెట్టుబడి ఒక ఇంజనీరింగు పట్టా, అంకెలు అరిగిపోయిన ఒక కాలిక్యులేటరు. ఇంటి దగ్గర సతీమణి, నెలల పాప. అంతకుముందు పనిచేసిన కర్మాగారం మూతపడినందువల్ల ఈ ఉద్యోగం నిలబెట్టుకోక తప్పని పరిస్థితి ఆయనది.

ఏ భవనానికి ఎంత లావు పైపు, ఎంత బలమైన పంపు కావాలో లెక్కకట్టడం ఆయన బాధ్యత. పైపు గోడలను రాసుకుంటూ పోయే నీరు దారి పొడవునా కొంత ఒత్తిడిని కోల్పోతుంది. ప్రతి వంపు దగ్గరా, వాల్వు దగ్గరా మరికొంత. మొదటిదాన్ని ఆయన నిక్కచ్చిగా లెక్కవేసేవారు. రెండోదానికి మాత్రం నక్షా చూసి ఒక ఉజ్జాయింపు అంకె కలిపి సరిపెట్టేవారు.

తొలి ఏడాదిలోనే ఆ ఉజ్జాయింపు ఉద్యోగం మీదికి తెచ్చింది. ఐదంతస్తుల విద్యార్థినుల వసతి గృహానికి మన సంస్థ పైపులు, పంపు సరఫరా చేసింది. ఉదయం అందరూ కుళాయిలు విప్పగానే పై అంతస్తులో నీరు దారంలా సన్నబడేది. వార్డెన్ గారు వచ్చి నిలదీశారు.

"తలకు సబ్బు రాసుకున్న పిల్లలు బకెట్లు పట్టుకుని కిందికి పరిగెడుతున్నారండీ! మీ సరుకు మీరే విప్పుకుని పొండి."

"కంగారు పడకండమ్మా, ఇంకాస్త పెద్ద పంపు పెట్టిస్తాను" అని ఆమెను పంపేసి, యజమాని గారు ఇంజనీరు గారి వైపు తిరిగారు. "పాత పంపు చాలదని కాగితం రాసివ్వండి."

ఇంజనీరు గారు కాగితం రాయకుండా వసతి గృహానికి వెళ్లారు. మధ్యాహ్నం పై అంతస్తులో ఒక్క కుళాయి విప్పి చూస్తే నీరు జోరుగా వచ్చింది. అంటే అంత ఎత్తుకు ఎక్కించే బలం పంపుకు ఉంది; నీరు ఎక్కువగా పరుగెత్తినప్పుడే ఆ బలం దారిలో ఖర్చయిపోతోంది. సుద్దముక్కతో ప్రతి మలుపు దగ్గరా గీత గీస్తూ ఆయన పైపు వెంట నడిచారు. గీతలు పెరిగేకొద్దీ ఆయన ముఖం చిన్నబోయింది. నక్షాలో తిన్నగా ఉన్న పైపు అక్కడ దూలం చుట్టూ మెలికలు తిరిగి ఉంది.

"దూలం అడ్డొచ్చింది సార్, పక్కనుంచి తిప్పేశా" అన్నాడు ప్లంబరు. "నీళ్లకేముంది, ఎటు తిప్పితే అటు పోతాయి."

"పోతాయయ్యా. తిప్పినచోటల్లా కాస్త ఊపిరి వదిలేసి మరీ పోతాయి. నిన్ను అని ఏం లాభం, వచ్చి చూడకుండా లెక్కకట్టింది నేను."

సంగతి విని యజమాని గారు మండిపడ్డారు. "మిమ్మల్ని పెట్టుకున్నది పంపులు అమ్మడానికా, మానిపించడానికా?"

"పెద్ద పంపు పెడితే నీళ్లెక్కుతాయి సార్. కరెంటు బిల్లూ ఎక్కుతుంది. అప్పుడావిడ మళ్లీ మన గుమ్మమే ఎక్కుతుంది. తప్పు నాది, పైపు మార్పించనివ్వండి. అప్పటికీ నీళ్లు రాకపోతే రేపట్నుంచి నేను రాను."

"ఆవిడతో కూడా తప్పు మనదేనని చెప్తారా ఏంటి?"

"చెప్పేశాను సార్."

యజమాని గారు తల పట్టుకున్నారు.

దూలం కిందుగా, రెండే మలుపులతో పైపు వేయించారు. మర్నాడు ఉదయం అన్ని అంతస్తుల్లోనూ ఒకేసారి కుళాయిలు విప్పించారు. పైన బకెట్టు నిండి పొర్లింది.

"కొత్త పంపా?" అన్నారు వార్డెన్ గారు.

"పాతదేనమ్మా. దారి బాగుచేశాం."

అది మొదలు ఆయన స్వయంగా పైపు దారి నడిచి చూడనిదే మన సంస్థ నుంచి ఒక్క ధరల పత్రమూ బయటికి వెళ్లలేదు. అనంతర కాలంలో ఆసుపత్రులకు, పాఠశాలలకు జల వ్యవస్థలు రూపొందించి, విభాగాధిపతిగా ఎదిగి, యువ ఇంజనీర్లచేత 'వంపుల సార్' అని ముద్దుగా పిలిపించుకున్నారు. "చుట్టాలింటికెళ్లినా ముందు కుళాయినే పలకరిస్తారు" అని సతీమణి మేలమాడుతుంటారు.

వ్యాపారి కంటితో చూస్తే, ఆనాడు మనకొక పెద్ద పంపు అమ్మకం పోయింది. ఆ వార్డెన్ గారు మాత్రం ఆపై తన సంస్థ కట్టించిన ప్రతి భవనానికీ మన దగ్గరికే వచ్చారు, బేరమాడకుండా. ఇంజనీరు గారికి మననుంచి దక్కింది జీతం, ఒక హోదా. మనకు ఆయన నుంచి దక్కింది, మన మాట జనం నమ్మడం. ఈ పదవీ విరమణ వేళ, సతీమణితో, కుమార్తె కుటుంబంతో ఆయన ఆయురారోగ్యాలతో చిరకాలం హాయిగా ఉండాలని కోరుకుంటూ, ఈ బేరంలో ఎక్కువ లాభపడింది మనమేనని సంతోషంగా ఒప్పుకుంటున్నాం.