గురువారం వరండాలో కట్టిన పాఠాలు

అధ్యక్షత వహించిన విద్యాశాఖాధికారి శ్రీరామచంద్రమూర్తిగారికి, యానాం పెద్దలకు, ఫరంపేట నుంచీ దరియాలతిప్ప నుంచీ ఎండనపడి వచ్చిన తల్లిదండ్రులకు, నా తోటి ఉపాధ్యాయులకు నమస్కారాలు.

ఇంతసేపూ నన్ను పొగిడారు, సంతోషం. నాతోపాటు ఇవాళ మన పాఠ్యప్రణాళిక కూడా పదవీ విరమణ చేస్తోందని ఇక్కడ అందరికీ తెలుసు, అయినా ఆ మాట ఎవరూ ఎత్తలేదు. దండలు వేసే రోజున ఎందుకులే అనుకున్నారేమో. నేనే ఎత్తుతాను.

ఫ్రెంచివారు వెళ్ళిపోయాక, మన పిల్లలకు ఏ తరగతిలో ఏం చెప్పాలో తెలుగులో రాసిపెట్టమని నాకు అప్పగించినప్పుడు, గదిలో తలుపేసుకుని రాసిపారేస్తే ఒక వేసవిలో అయిపోయేది, కానీ నాకు ధైర్యం చాలలేదు. ఆదివారమైతే దరియాలతిప్ప బడిలో చెప్పే దీనమ్మగారికి చర్చిలో ఆరాధన ఉంటుంది, గురువారం ఎలాగూ మన బడులకు ఫ్రెంచివారి కాలం నుంచీ సెలవే కనుక, ఆ రోజు ఉపాధ్యాయులమంతా వరండాలో చేరేవాళ్ళం. ఒకరు పాఠం చెప్పాలి, మిగతావాళ్ళం పిల్లల్లా చాప మీద కూర్చుని వినాలి. మాకు విసుగు పుట్టిన పాఠం ప్రణాళికలోకి పోదు. ఒకనాడు అమ్మిరాజుగారు రెండో తరగతి పిల్లాడై కూర్చుని, నిజంగానే గురక పెట్టారు. (నవ్వులు) నవ్వకండి, ఆ రోజు పాఠం చెబుతున్నది నేనే!

గోదావరి మీద ఎంతో మురిసిపోయి రాసుకున్న పాఠం అది. దీనమ్మగారు చాప మీంచి చెయ్యెత్తి, "పోటొస్తదని మాకు తెల్సండి మేస్టారూ, మా నాన్న పడవ దింపేది అప్పుడేనండి. అదెందుకొస్తదో చెప్పలేదేటండీ?" అన్నారు. మర్నాడు నా పాఠాన్ని నేనే కొట్టేశాను. హెడ్మాస్టరు పాఠమే పోయాక, తమవి పోతాయన్న బెంగ ఎవరికీ లేకపోయింది. నాయకత్వమని ఇందాక అధ్యక్షులవారు అన్నది బహుశా ఇదే. ఇంతకంటే నాకేమీ తెలియదు.

ఇప్పుడు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. బడులు తెరిచేసరికి వేరేచోట రాసిన పుస్తకాలు దిగుతాయి, మన ప్రణాళిక బీరువాలోకి పోతుంది, గురువారం పనిదినమవుతుంది. ఆ పుస్తకాలు చదివాను, మంచివే. కానీ మన చాప మీద ఎవరూ కూర్చుని వినని పుస్తకాలు. నాకు కష్టంగా ఉంది. మీరు శాలువా కప్పుతున్నప్పుడు కూడా కష్టంగానే ఉంది. దాచుకోవడం చేతకాలేదు, ఏమనుకోకండి.



అమ్మిరాజుగారూ, అలా తల దించుకోకండి. మీరు నిద్రపోబట్టే మన ప్రణాళిక బాగుపడింది.

నిన్న సాయంత్రం తాళాలు అప్పగించి వస్తుంటే దీనమ్మగారు గేటు దగ్గర ఆపి, "బడి తెరిచాక, పాఠం బాగోపోతే ఎవరికి చెప్పాలండీ మేస్టారూ?" అని అడిగారు. ఇన్నేళ్ళు పిల్లల చేత జవాబులు చెప్పించినవాణ్ణి, ఆ ప్రశ్నను ఇక్కడిదాకా మోసుకొచ్చాను. అధ్యక్షులవారూ, ఆవిడ రెండో వరసలో కూర్చున్నారు.

ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. నాకు సెలవిప్పించండి. ఆవిడకు జవాబిప్పించండి.