స్తంభం మీది డబ్బా, డబ్బా మీది పిట్ట

హలో… ఆ, నేనే. కొమురెల్లినే… మెల్లగ మాట్లాడు, ఎందుకు ఒర్రుతవ్? సిగ్నల్ కోసం నేను నీళ్ల ట్యాంకు ఎక్కలే. ఇంట్లనే ఉన్న. వంటింట్ల, పొయ్యి పక్కన.

అవును, ఇంట్లనే! ఇంట్ల ఫోను మోగింది… వినోదా! బిడ్డా, కూర కింద మంట తగ్గించు, ఫోనచ్చింది!… ఎవలో తెల్వదు. ఎవలైతే ఏంది, మోగింది గద!

ఆ, చెప్పుండ్రి. ఎవలు?

…

ఏ హనుమండ్లు?

శ్రీరాంపూర్‌ల బొగ్గుబాయి పని చేసే హనుమండ్లా… నాకు గా పేరుతోటి ఒక బామ్మర్ది ఉండె. యాడాది కింద ఆ పేరు కొట్టేసిన.

పెట్టేస్తున్న.

…

ఇంకా ఉన్నవా? నేను కూడ ఉన్న. పెట్టేద్దామని వేలు పెట్టిన, మనసొప్పలే… ప్రేమ కాదు, సంబురపడకు. గీ ఇంట్ల మోగిన మొదటి ఫోను. దీన్ని నా చేతులతోటి ఎట్ల కట్ జేస్త? అదేమో నీది కావాల్నా! నా ఖర్మ.

నవ్వుతలే… నవ్వు కాదురా, దగ్గు.

ఎట్ల కలిసిందంటే… మా ఇంటి ముంగట కరెంటు స్తంభం లేదా, దానికి ఒక డబ్బా పెట్టిండ్రు. నిన్న పొద్దున చాలూ జేసిండ్రు. టవర్ కాదు. టవరైతే గుట్ట అవుతలనే ఉన్నది, ఉండి ఏం లాభం? ఇది టిఫిన్ డబ్బా అంత ఉంటది. చూస్తే నవ్వస్తది. మా గల్లీకి మాత్రమే. ఇటు మా ఇల్లు, అటు పిండిగిర్ని. గిర్ని దాటితే మల్ల పాత కథనే.

కంపెనీ పిల్ల వచ్చింది, రచన మేడం అని. చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పింది. టవర్‌ది పెద్ద గొంతు తాతా, మీ ఫోనుది చిన్న గొంతు. అది గుట్ట అవుతల నుంచి ఒర్రితే మీకు వినపడుతది, మీరు మాట్లాడింది దానికి పోదు. అందుకే దగ్గర ఒక చిన్న డబ్బా పెడుతున్నం అన్నది. నేను తాతనా? గా ఒక్క మాటకే గేటేసిన.

అది కాదు… ఇంకో మాట కూడ అన్న. అప్పుడు లేని డబ్బా ఇప్పుడెందుకు అన్న. మీ అక్క ఉన్నప్పుడు ఏడ పోయింది ఇది?

…

ఆ. సరే.

మరెట్ల ఒప్పుకున్ననంటే, పై వాడ సంతోష్‌రావు తన బంగ్లా మీద పెట్టుమన్నడట. అంటే ఫోను మాట్లాడనీకి మేమంత పొయ్యి ఆయన గేటు ముంగట నిలబడాలె. చస్తె నిలబడ. ఉరికి పొయ్యి మేడంను ఎనుకకు పిలిచిన. మా స్తంభానికే కొట్టు, కరెంటు మా మీటర్‌ల నుంచే తీస్కో అన్న!

నవ్వు, నవ్వు. నీకేం పోయింది.

శాన తిప్పలు పడ్డరు పాపం. సన్నపు గాజు తీగ ఒకటి గుంజుకొచ్చిండ్రు, దాంట్లనే మన మాటలు పోతయట. కోతులు ఊయల ఊగి తెంపినయి. మల్ల గుంజిండ్రు. మల్ల ఊగినయి. ఆఖరికి భూమిల పాతిండ్రు. బ్యాటరీ ఇంకా రాలే. కరెంటు పోతే డబ్బా బంద్. కింద పచ్చ లైటు ఉంటది, అది ఎలిగినంత సేపే మాట.

ఎలుగుతుంది, ఎలుగుతుంది. తినేస్తవా ఏంది.

ఇగ చెప్పు. ఎందుకు చేసినవ్?

…

యాదికున్నదా. మీ అక్క యాడాది మాసికమని నీకు యాదికున్నదా. మంచిది.

కాలే. ఏడ అయితది! పిట్ట ముట్టలే. పొద్దుగాల్ల ఇస్తరేసినం గోడ మీద. బగారన్నం, మాంసం, కార్జం, గారెలు, సీసల కల్లు. రామవ్వకు ఇష్టమైనయన్నీ. పిట్ట ముట్టంది ఎవలూ తినేది లేదు గద. చుట్టాలంత వాకిట్ల కూసోని ఆకాశం చూస్తున్నరు. మా అక్క కిష్టవ్వకు షుగరు. ఆకలైతే మనుషులను తిడతది. ఇప్పటిదాక నన్ను తిట్టింది, ఇప్పుడు పిట్టను తిడుతుంది.

పిట్ట లేకేంది, ఉన్నది! నల్లగ, బొద్దుగ. ఏడ కూసున్నదో చెప్పుకో.

డబ్బా మీద!

అవునురా, గా డబ్బా మీదనే! దీని వేడికి పిట్టలు సచ్చిపోతయని మా గల్లీ బాలవ్వ ఊరంత చెప్పుకొచ్చింది. గీ పిట్ట చూస్తే రెక్కలు ఇడిచి కాగుతుంది! చలికాలం గద, డబ్బా గోరువెచ్చగ ఉంటదట. మీ అక్కకు చలి జాస్తి… ఆ, పొయ్యి దగ్గర్నుంచి లేచేది కాదు. అదే ఇది. రూపం మారింది, గుణం మారలే.

ఆగు, బయటికొస్తున్న… జరుగుండ్రి, జరుగుండ్రి. ఫోను మాట్లాడుతున్న, కనపడుతలేదా!… అక్కా, తిట్టకు దాన్ని. ఇంకా పైకి పోతది.

మొక్కినం. మొక్కకుంట ఉంటమా? ఎర్ర బర్రెను ఎన్నడూ అమ్మను అని చెప్పిన. రాలే. తంబాకు మానేస్త అన్న. మెడ తిప్పింది గని రాలే. నమ్మలే నన్ను. వినోద వచ్చి, అవ్వా, బాపుతోటి కొట్లాడ అన్నది. ఈకలు గోక్కున్నది. కిష్టవ్వేమో, మరదలా, నీ పట్టుచీర నేను తీసుకున్న మాట నిజమే, తిరిగి ఇస్త అని అందరి ముంగట ఒప్పుకున్నది! దానికి కూడ రాలే. చీర మాత్రం బయటపడ్డది!

అయ్యో… ఆగు… కడుపు నొస్తుంది… మాసికం రోజు నవ్వొద్దు. నవ్విస్తున్నవ్ నువ్వు.

ఇంకొక్క మొక్కు ఉన్నదని అందరు నా మొఖమే చూస్తున్నరు. ఏందో నాకు తెల్సు. చస్తె అనను.

ఏందో నీకెందుకు? నువ్వేడున్నవ్, అది చెప్పు.

…

ధర్మపురిలనా! గోదారి ఒడ్డున?… పిలువని పేరంటానికి ఈడిదాక ఎందుకొచ్చినవ్?… తానం చేసి, నువ్వే ఇస్తరేసినవా అక్కకు?

ముట్టిందా?

ఎయ్యంగనే ముట్టిందా!… అది మీ అక్క కాదు. గోదారి ఒడ్డు కాకులు, ఎవలు పెట్టినా తింటయి. మీ అక్క ఈడ డబ్బా మీదున్నది… నాదా నీదా అని కొట్లాడకు! మొగన్ని ఇడిసి తమ్మునితోటి బువ్వ తింటదా?

…తింటది. ఆమె తింటది.

చెప్తున్న విను. నేను మర్చిపోలే. మర్చిపోయేది కాదు. గా రోజు ట్యాంకు ఎక్కి నీకు చేసిన. మీ అక్క పోయింది, జల్ది రా అని చెప్పిన. ఎదురుంగ నీ గొంతు సాఫ్‌గ వినపడ్డది నాకు, బావా బావా అని. చెప్పేసిన, దిగొచ్చిన. పొద్దూకే దాక ఆపిన మీ అక్కను. రోడ్డు మీద ఏ బండి సప్పుడైనా లేచి చూసిన. నువ్వు మూడొద్దులకు వచ్చినవ్. వినపడలే అన్నవ్. నేను గేటు తియ్యలే. బరాబర్ చేసిన.

అదే మాట మల్ల చెప్పకు. నాకు నీ మాట వినపడ్డప్పుడు నీకు నాది ఎట్ల వినపడదురా?

అరె! లేచింది! పిట్ట లేచింది! అటు పోయింది, గిర్ని దిక్కు! ఇస్తరి ఇటియ్యి, నేను పట్టుకుపోత… ఉరుకుతున్న, ఉండు హనుమండ్లూ, పెట్టెయ్యకు… ఒక చేతుల ఇస్తరి, ఒక చేతుల ఫోను. కల్లు ఒలికింది… జరుగుండ్రి!

గిర్ని రేకుల మీద కూసున్నది. రామవ్వా, దిగు. ఇగో కార్జం… దిగుతలేదు. ఇంకో రేకు మీదికి దుంకింది. నేను గిర్ని ఎనుకకు వచ్చిన… చెప్తున్న విను, ఇది యాడాది సంది కడుపుల ఉన్నది. పాడె మోసేటప్పుడు ముంగటి కొస నీకే ఆపిన. ఎవలను పట్టనియ్యలే. ఆఖరికి పక్కింటోడు పట్టిండు. గది తెల్సా నీకు? విన్నవా?

వినపడుతుంది, చెప్పు… హలో అంటవేంది, నేను మాట్లాడుతున్న గద!… ఉన్న! ఉన్నరా! హలో బావా, హలో బావా అని ఎన్నిసార్లంటవ్? నీ గొంతు నా చెవుల గంట కొట్టినట్టు ఉన్నది!… కట్టయినట్టుంది అంటవేంది? కట్ కాలే!

…

హలో?

…

ఎనుకకు మర్రి వస్తున్న. పిట్ట కూడ మర్రింది. గల్లీలకు వచ్చిన… ఇప్పుడు వినపడుతుందా?

ఇందాక ఏం విన్నవ్?

ఇస్తరి పట్టుకుపోత అన్నకాడికి. తర్వాత?… ఏమీ లేదా? పాడె సంగతి?… ఏ పాడె అంటున్నవా.

నేను మొత్తం చెప్పిన. నీ గొంతు నాకు సాఫ్‌గ…

…

హనుమండ్లూ, ఆగు. జర కూసుంట. అరుగు మీద కూసుంట.

పెద్ద గొంతు, చిన్న గొంతు. గా పిల్ల చెప్పింది. నేను తాతా అన్నదానికి గేటేసిన గని, మాట వినలే.

ఏం లేదు. ఏమనలే. నువ్వు చెప్పు… యాడాది సంది వారం వారం చేసినవా? ఎవలకు, నాకా? అందుబాటులో లేరని ఆడిమనిషి చెప్పిందా. అంటే యాడాది సంది ఆమెతోటే మాట్లాడినవ్ అన్నట్టు! మంచి మనిషేనా? చుట్టరికం కలుపుకోకపోయినవ్!

ఏడుస్తున్నవా, నవ్వుతున్నవా? ఒక్కటి చెయ్యి. నాకు సమజ్ అయితలేదు… నేనా? నేను బాగనే ఉన్న. కల్లు కంట్ల పడ్డది.

డబ్బా మీదికే వచ్చింది పిట్ట. మల్ల కాగుతుంది. ఇస్తరి గోడ మీద పెట్టిన. కిష్టక్క అంటుంది, డబ్బా పీకెయ్, అప్పుడన్న దిగుతదని… అక్కా, డబ్బా పీకితే నీ కాళ్లకు తీగలు కడుత! దాని జోలికి పోకు!

ఇగ విను, హనుమండ్లూ. ఒక్కసారే చెప్త. తడి బట్టల మీద ఒడ్డున కూసోని ఏం చేస్తవ్…

ఆగు. దిగుతుంది.

ఊపిరి బంద్ పెట్టుండ్రి అందరు!

గోడ మీదికి దిగింది… ఒక కాలు ఇస్తరిల పెట్టింది… ముట్టలే. నా మొఖమే చూస్తుంది. ఏంది రామవ్వా? మొత్తం నోటితోటి చెప్పాల్నా? సగం చెప్తే సాలదా? చెప్తున్న గద!

హనుమండ్లూ, ఇంటికి రా. మీ అక్క ఇంటికి రా. గేటు తీసే ఉన్నది.

…

ముట్టింది!

కార్జం ముట్టింది! వినోదా, మీ అవ్వ ముట్టింది! ఇస్తర్లేయుండ్రి, జల్ది! అక్కా, తొక్కుతున్నవ్, నా కాలు తొక్కుతున్నవ్!… అరె, గారె ఎత్తుకపోయింది! ఆగకుంట తింటుంది! కల్లు సీసల ముక్కు పెడుతుంది, చూడుండ్రి! హనుమండ్లూ, విన్నవా? నీ పేరు చెప్పంగనే ముట్టిందిరా, సిగ్గులేని మనిషి, మొగని మాట ఒక్కటి పట్టించుకోలే! విన్నవా?

హలో?

…

హలో, హనుమండ్లూ?

పచ్చ లైటు ఏది?

వినోదా, వంటింట్ల బలుబు చూడు… ఆరిందా? ఎప్పుడారింది? నేను రా అనకముందా, అన్నంకనా?… ఎవలూ చూడలే? అందరు పిట్టనే చూసిండ్రా?

…

వద్దు. కరెంటు వచ్చేదాక ఆగుడు వద్దు. వాడు విన్నడనుకొని నేను ఒకసారి కూసున్న.

ఎక్సెల్ బండి తాళం ఇటియ్యి, ధర్మపురి పోత… తిని పోవుడు కాదు బిడ్డా, మీరు తినుండ్రి. అక్కా, కూరల నల్లిబొక్క ముట్టకు, అది వానిది.

ఫోనెందుకు నాకు? ఇగో, అరుగు మీద పెడుతున్న. మోగితే ఎత్తుండ్రి. బావ బయలెల్లిండని చెప్పుండ్రి.